ఆన్‌లైన్ ఓటుకు ఆసిఫాబాద్ నమస్కారం

ఆన్‌లైన్ ఓటూ, నీకు నమస్కారం. గోదావరికి అటు ధర్మపురిలో శేషప్ప కవి తన నరసింహుణ్ణి కొలుస్తూనే నిలదీశాడు. గోదావరికి ఇటు ఆసిఫాబాద్ నుంచి నిన్ను కూడా అలాగే కొలుస్తాను. నిన్ను పొగడడానికి ఒక్క అబద్ధమూ అక్కర్లేదు. నీ గురించిన నిజాలు వరసగా చెప్పుకుపోతే చాలు.

నువ్వు ఎవరి పగటికలా కావు. 2022 మార్చిలో అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు, ప్రవాస భారతీయులకు ఆన్‌లైన్‌లో ఓటు వేసే వీలు కల్పించే అవకాశాన్ని పరిశీలిస్తున్నామని లోక్‌సభలో చెప్పారు. అంతకు ఐదు నెలల ముందే నువ్వు మన తెలంగాణలో కాలు పెట్టావు. రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో 2021 అక్టోబరు 8 నుంచి 18 వరకు ఫోన్లలో పేర్లు నమోదు చేయించి, 20వ తేదీన ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు ఉత్తుత్తి ఓటింగ్ జరిపింది. రాష్ట్ర ఐటీ శాఖ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి నిన్ను తయారుచేశాయి. అప్పటి ఐఐటీ భిలాయి డైరెక్టర్ రజత్ మూనా నాయకత్వంలో ఐఐటీ ఆచార్యులు నీకు సలహాలిచ్చారు. రోగులు, ముసలివాళ్లు, దివ్యాంగులు, ఎన్నికల విధుల్లో ఉన్న సిబ్బంది లాంటి వాళ్లకోసం నిన్ను తలపెట్టామని చెప్పారు. ఉద్దేశం మంచిదే. దాన్ని ఎవరూ కాదనరు.

నీ చూపు గొప్పది. ఖమ్మంలో నువ్వు మనిషిని మూడు విధాలుగా పోల్చుకున్నావు. ఆధార్‌లో ఉన్న పేరు సరిపోవాలి, ఫోన్ ముందున్నది ఫొటో కాదు బతికున్న మనిషేనని తేలాలి, ఆ ముఖం ఓటరు కార్డులో ఎప్పుడో తీసిన ముఖంతో కలవాలి. పదిహేను ఇరవై ఏళ్ల కిందటి ఫొటోతో ఇవాళ్టి ముఖాన్ని పోల్చగలగడం నీ ఘనతగా చెప్పారు. ఒప్పుకుంటాను. పోల్చలేకపోయిన రోజున ఆ మనిషి ఎవరికి మొరపెట్టుకోవాలన్నది మాత్రం నీ ఘనతలో భాగం కాలేదు. బూతులో పేరు తేడా వస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు ఉంటాడు, పక్కనే పార్టీల ఏజెంట్లు ఉంటారు. వరసలో నిలబడ్డ ఊరివాళ్లంతా ఆ మనిషిని ఎరుగుదురు, ఈమె ఫలానా వాళ్ల కోడలు అని పది గొంతులు చెబుతాయి. నీ దగ్గర ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వస్తుంది, అంతటితో ఆమె ఎన్నిక ముగుస్తుంది.

ఇది నేను ఊహించి చెబుతున్న భయం కాదు. నీ అన్నదమ్ములు మా దగ్గర ఇప్పటికే పని చేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఊళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కార్డుల్లో చాలావాటిని తీసేసింది గడప దాకా వచ్చి చూసిన మనిషి కాదు, కంప్యూటర్ వేసిన లెక్క. 2018 డిసెంబరులో ఓటు వేద్దామని పోయి, జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగినవాళ్లు రాష్ట్రమంతటా ఉన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పేరు పోయినప్పుడు కనీసం క్షమాపణ చెప్పడానికి ఒక అధికారి దొరికాడు.

ఎవరినీ నడిపించకపోవడం నీకున్న మరో మంచి గుణం. తిర్యాణి, లింగాపూర్, కెరమెరి మండలాల గూడేల్లో ఎన్నికలంటే ఏమిటో చూసినవాళ్లకు ఆ గుణం విలువ తెలుస్తుంది. ముందురోజే సిబ్బంది మిషన్ల పెట్టెలు పట్టుకుని బయలుదేరతారు. బడిగదిలో రాత్రి పడుకుంటారు. మావోయిస్టుల ప్రాబల్యం ఉన్న ప్రాంతమని ఆసిఫాబాద్, సిర్పూర్‌తో కలిపి 13 నియోజకవర్గాల్లో 2023 శాసనసభ ఎన్నికల పోలింగును సాయంత్రం 4 గంటలకే ముగించారు. అంటే పత్తి చేను నుంచి వచ్చేవాళ్లకు మిగతా రాష్ట్రం కంటే ఒక గంట తక్కువ. అయినా జనం వస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆదిలాబాద్ నియోజకవర్గంలో 74 శాతం పోలింగ్ జరిగింది. వీధికొక టవరు, చేతికొక ఫోను ఉన్న హైదరాబాద్ నియోజకవర్గంలో 48 శాతం. నువ్వు వస్తే పోలింగ్ శాతం పెరుగుతుందని నిన్ను మెచ్చుకునేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఇలాంటి చోట్ల నెట్‌వర్క్ అందని పోలింగ్ కేంద్రాలను ఎన్నికల యంత్రాంగం ముందే గుర్తించి వైర్‌లెస్ సెట్ల లాంటి ఏర్పాట్లు చేసుకుంటుంది. ఓటు వేయాలని అందరికంటే ఎక్కువ తపన పడేవాళ్లు ఉన్న చోటనే నువ్వు అందరికంటే తక్కువ అందుతావు.

నడవలేనివాళ్ల సంగతి వేరు, వాళ్ల కష్టం నిజమైనది. దానికి చట్టం వేరే దారి వెతికింది. 2023 శాసనసభ ఎన్నికల్లో మన రాష్ట్రంలో 80 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. 2024లో ఆ వయసును 85కు పెంచారు. పన్నెండు-డి ఫారం నింపి ఇస్తే ఎన్నికల సిబ్బందే బ్యాలెట్ పట్టుకుని ఇంటికి వస్తారు. వీడియో తీస్తారు, మంచం పక్కన చాటు ఏర్పాటు చేస్తారు, మడిచిన కవరు తీసుకుపోతారు. వయసును మళ్లీ 80కి తేవచ్చు, ఇంకా కిందికీ తేవచ్చు. ఒక ముసలమ్మ కోసం నలుగురు ఉద్యోగులు వాగు దాటి రావడం ఖర్చే. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే న్యాయమైన ఖర్చు నాకు తెలియదు.

ఇక నీ గుణాల్లో అన్నిటికంటే పెద్దదాని దగ్గరికి వస్తాను. నువ్వు ఎక్కడైనా ఉంటావు. పొలం గట్టు మీద, వంటింట్లో, బస్సులో, ఆసామి వాకిట్లో, నాయకుడి గెస్ట్‌హౌస్‌లో. నువ్వు లేని చోటు లేదు, కాబట్టి ఓటరు ఒంటరిగా ఉండే చోటూ లేదు.

బూతులో ఏముంటుందో నీకు చెప్పాలి, నువ్వు ఎప్పుడూ చూడలేదు గనక. బల్ల మీద మూడు వైపులా అట్ట నిలబెట్టి ఉంటుంది. వేలికి సిరా పెట్టించుకున్నాక ఆ చాటుకు ఒక్కరే పోవాలి. భర్త రాకూడదు. కూలీ ఇచ్చే ఆసామి రాకూడదు. సర్పంచ్ రాకూడదు, సంఘం పెద్ద రాకూడదు, మహిళా సంఘం లీడరు రాకూడదు. నీలం బటన్ నొక్కితే గుర్తు పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది, పక్క పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోతుంది, బీప్ వినిపిస్తుంది. అంతే. నోరెత్తి ఎదురు చెప్పలేని ఇంట్లో బతికే ఆడమనిషికి, అప్పు ఇచ్చిన షావుకారి మాట జవదాటలేని రైతుకు ఐదేళ్లలో ఆ కాసేపు మాత్రం చట్టమే కాపలా ఉంటుంది. ఆ రహస్యాన్ని బయటపెట్టిన ఉద్యోగికి ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. 2013లో 'నోటా' తీర్పు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు నిలబడింది కూడా ఈ రహస్యం మీదనే. ఎవరికీ ఓటు వేయనన్నవాడి రహస్యం సైతం కాపాడాలంది.

చూపు లేనివాళ్లకు తోడు వచ్చే మనిషి సంగతి చూడు. ఆ తోడు మనిషి రహస్యం కాపాడతానని కాగితం మీద రాసివ్వాలి, ఆ రోజు అంతకుముందు మరొకరికి తోడు పోలేదని కూడా చెప్పాలి. ఒక మనిషి ఒక్కరికే తోడు. ఇంత జాగ్రత్త ఎందుకు రాసుకున్నారో పల్లె తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని ఓటు వేయమంటే మా గూడెం అవ్వ ఏం చేస్తుంది? పింఛను కోసం, రేషన్ ఈ-కేవైసీ కోసం, భూమి కాగితాల కోసం ఇప్పుడు చేస్తున్నదే చేస్తుంది. ఫోన్ తీసుకుపోయి చదువుకున్న పోరని చేతిలో పెడుతుంది, ఓటీపీ చదివి వినిపిస్తుంది. ఆ పోరడు మంచివాడే కావచ్చు. పోలింగు నాడు వాడి ముందు వరస కడుతుంది, వాడే బూతు అవుతాడు. బిహార్‌లో 2025 జూన్ 28న పురపాలక ఎన్నికల్లో ఫోన్ ఓటును అసలు ఎన్నికకే వాడారు. ఒక మొబైల్ నంబరు మీద ఇద్దరు ఓటర్లకు అనుమతిచ్చారు. ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో అందరికీ తెలుసు. రెండో ఓటు ఎవరిదో, దాన్ని నొక్కే వేలు ఎవరిదో కూడా తెలుసు.

ఖమ్మంలో నీ పరీక్ష జరిగిన సరిగ్గా పది రోజులకు, 2021 అక్టోబరు 30న, కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో ఉప ఎన్నిక జరిగింది. పోలింగుకు ముందు రోజుల్లో కొన్ని ఊళ్ల జనం రోడ్డెక్కారు. పక్క వీధికి ఆరు వేల రూపాయల కవర్లు అందాయట, మాకెందుకు అందలేదని అడిగారు. ఆ దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. ఎవరు పంచారు, ఎంత పంచారు అన్నది తేల్చడం ఇక్కడ నా పని కాదు. డబ్బు తీసుకోవడం తప్పు కాదనీ నేను అనను. కానీ ఆ ఎన్నికలో ఒక మాట ఊరూరా వినిపించింది: పైసలు పైసలే, ఓటు ఓటే. ఆ మాట అనగలిగే ధైర్యం వాళ్లకు అట్టచాటు ఇచ్చింది. కవరు ఇచ్చినవాడికి ఓటు ఎటు పడిందో చూసే వీలు లేదు. ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే పోవచ్చునన్న భయం వాడికి ఎప్పుడూ ఉంటుంది. ఓటు కొనేవాణ్ణి మన చట్టాలు పెద్దగా ఆపలేకపోయాయి, ఫ్లయింగ్ స్క్వాడ్‌లు ఆపలేకపోయాయి. కొంతైనా ఆపుతున్నది ఆ అట్టముక్కే.

నువ్వు ఆ భయం తీరుస్తావు. నా కళ్లముందు నొక్కు, కవరు తీసుకో అనే వీలు కల్పిస్తావు. ఓటు అమ్మకానికి ఇన్నాళ్లూ లేని రసీదు నీ వల్ల దొరుకుతుంది. నీ గురించి చెప్పగలిగిన పొగడ్తల్లో ఇంతకంటే ఖచ్చితమైనది లేదు. ఇది విన్న తర్వాత కూడా నిన్ను కోరుకునే ప్రభుత్వం ఎవరి మేలు కోసం కోరుకుంటున్నదో చెప్పాలి.

ఎస్తోనియాను చూడమంటారు నీ భక్తులు. చూద్దాం. 2005 నుంచి అక్కడ నువ్వున్నావు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో పడిన ఓట్లలో సగానికి పైగా నీ ద్వారానే పడ్డాయి. ఆ దేశ జనాభా 13 లక్షల పైచిలుకు. చిప్ ఉన్న గుర్తింపు కార్డు వాళ్ల రోజువారీ బతుకులో భాగం. ఒత్తిడి సంగతి వాళ్లకూ తెలుసు, అందుకే ఒక ఏర్పాటు చేసుకున్నారు: గడువులోగా ఎన్నిసార్లయినా ఓటు మార్చుకోవచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది, బూతుకు వెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్‌లో వేసినది రద్దవుతుంది. భర్త ముందు ఒకటి నొక్కి, తర్వాత ఒంటరిగా మరొకటి నొక్కవచ్చునన్నమాట. ఫోన్ ఇల్లంతటికీ ఒకటే అయిన చోట, ఓటీపీ మగవాళ్ల నంబరుకు వచ్చే చోట ఆ రెండో అవకాశం ఎక్కడిది? నార్వే 2011లో, 2013లో నిన్ను ప్రయత్నించి, 2014లో వద్దనుకుంది. పోలింగ్ పెరిగినట్టు కనిపించలేదు, ఓటు రహస్యం మీద జనంలో భయం మాత్రం కనిపించింది. డబ్బూ చదువూ నెట్‌వర్కూ ఏదీ తక్కువ లేని దేశం అది.

సరే, ఒత్తిడి లేదనుకుందాం. ఓటు సరిగ్గా చేరిందని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న దగ్గర నీ గొప్పదనం మరీ వెలుగుతుంది. నీ అంత నమ్మకాన్ని అడిగిన వ్యవస్థ మరొకటి లేదు. ఓటును బ్లాక్‌చెయిన్‌లో కట్టి ఉంచుతామన్నారు. బ్లాక్‌చెయిన్ తనలో పడినదాన్ని ఎవరూ మార్చకుండా కాపాడుతుంది. అది పని మొదలుపెట్టేది ఓటు తన దాకా చేరాక. అంతకు ముందు, ఓటరు ఫోన్‌లోనే దొంగ యాప్ కూర్చుని ఒక గుర్తుకు నొక్కినదాన్ని మరో గుర్తుగా పంపితే, ఆ తప్పును కూడా అంతే భద్రంగా, చెక్కుచెదరకుండా కాపాడుతుంది. లింకు నొక్కగానే బ్యాంకు ఖాతా ఖాళీ అయిన కథలు లేని మండలం ఇవాళ లేదు. బ్యాంకులో డబ్బు పోతే పాస్‌బుక్కులో కనిపిస్తుంది. ఓటు రహస్యం కాబట్టి, పోయిన ఓటు ఎక్కడా కనిపించదు.

లెక్క కంటికి కనిపించాలన్న సంగతి ఆసిఫాబాద్‌ పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. 2018 శాసనసభ ఎన్నికల్లో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి ఆత్రం సక్కు, టీఆర్ఎస్ అభ్యర్థి కోవ లక్ష్మి మీద గెలిచింది 171 ఓట్లతో. ఒక గూడెం ఓట్లంత తేడా. అలాంటి ఫలితాన్ని ఓడినవాళ్లు, వాళ్ల వెంట నడిచిన వేలమంది ఒప్పుకుని ఇళ్లకు పోవాలంటే, లెక్క తమ కళ్లముందు జరిగి ఉండాలి. పొద్దున మాక్ పోల్ చూసిన ఏజెంటు ఉంటాడు. సీలు మీద తన సంతకం ఉంటుంది. బూతులో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17-సి కాగితం తన చేతిలో ఉంటుంది. లెక్కింపు నాడు మిషన్ చూపిన అంకెను దాంతో పోల్చుకుంటాడు. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు బూతుల వీవీప్యాట్ చీటీలు లెక్కపెడతారు. ఇది చాలదని, చీటీలన్నీ లెక్కపెట్టాలని అడిగినవాళ్ల అర్జీని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది. అయితే ఓడినవాళ్లలో రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు అడిగితే ఐదు శాతం మిషన్ల చిప్‌లను పరీక్షించాలని చెప్పింది. చాలుతుందా చాలదా అన్న వాదన సాగనీ. వాదించడానికి చేతిలో కాగితం ఉంది, సీలు ఉంది, పెట్టె ఉంది. పదో తరగతి చదివిన ఏజెంటు చేయగలిగిన తనిఖీ ఇది. నీ విషయంలో తనిఖీ చేయగలిగేది ఎందరు? దేశంలో కొద్దిమంది నిపుణులు మాత్రమే. 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్ మిషన్లను తోసిపుచ్చినప్పుడు చెప్పిన కారణం ఇదే. ప్రత్యేక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా ఎన్నికలోని ముఖ్య ఘట్టాలను సరిచూసుకోగలగాలి.

ఇంకొక సంగతి కేంద్ర ఎన్నికల కమిషన్‌కు గుర్తుచేయాలి. మిషన్ల మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ, కోర్టులోనైనా బయటైనా, కమిషన్ చెప్పిన మొదటి జవాబు ఒకటే: మా మిషన్ దేనితోనూ కలిసి ఉండదు, ఇంటర్నెట్ లేదు, బ్లూటూత్ లేదు, బయటికి పోయే వైర్ లేదు, కాబట్టి బయటివాడు లోపలికి రాలేడు. వలస కూలీల కోసం 2022 డిసెంబరులో 72 నియోజకవర్గాల ఓట్లు ఒకే చోట వేయగల రిమోట్ మిషన్‌ను ప్రతిపాదించినప్పుడూ, అది నెట్‌వర్క్‌తో కలవని మిషన్ అనే చెప్పింది. అయినా పార్టీలు ఒప్పుకోలేదు, అది ముందుకు సాగలేదు. ఇన్నేళ్లుగా ఏ గుణాన్ని తమ మిషన్‌కు రక్షణగా చూపించారో, ఆ గుణం లేకపోవడమే నీ పుట్టుక. నిన్ను తెచ్చిన రోజున కమిషన్ తన పాత జవాబును తానే వెనక్కి తీసుకోవాలి.

బయటివాడు లోపలికి రాగలడా అన్నదానికి అమెరికా రాజధానిలో జవాబు దొరికింది. 2010లో వాషింగ్టన్ నగరం ఇంటర్నెట్ ఓటింగును సిద్ధం చేసి, ఎన్నికకు ముందు ఎవరైనా బద్దలుకొట్టి చూడండని ఆహ్వానించింది. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, ఆయన విద్యార్థులు 48 గంటల్లోపే దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. పడిన ఓట్లన్నీ మార్చేశారు. గుర్తుగా తమ యూనివర్సిటీ పాట వినిపించేలా పెట్టి వచ్చారు. అయినా అధికారులకు తెలియడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. నగరం ఆ పథకాన్ని మానుకుంది. అడిగి మరీ పరీక్ష పెట్టినందుకు ఆ నగరాన్ని నిజంగా మెచ్చుకోవాలి. అదే ఏడాది అదే హాల్డర్‌మన్‌తో కలిసి మన మిషన్ల లోపాల మీద పరిశోధన చేసిన హైదరాబాద్ ఇంజినీరు హరి ప్రసాద్‌ను, పరీక్షించిన మిషన్ ఎక్కడిదని పోలీసులు అరెస్టు చేశారు. లోపం చూపినవాణ్ణి ఆహ్వానించే అలవాటు మనకు ముందు రావాలి, నువ్వు తర్వాత.

నువ్వు ఉండేది ఇంటర్నెట్ మీద, ఇంటర్నెట్ ఉండేది ప్రభుత్వం చేతిలో. 2024 సెప్టెంబరులో మా జిల్లా జైనూరులో గొడవలు చెలరేగినప్పుడు అధికారులు వెంటనే చేసిన పనుల్లో ఒకటి ఇంటర్నెట్ ఆపడం. అప్పుడు అది అవసరమైందనే అనుకుందాం. ఎన్నికల కాలమే గొడవల కాలం. పోలింగ్ నాడు ఎక్కడో గొడవ జరిగితే ఏం చేస్తారు? నెట్ ఆపితే ఓట్లు ఆగుతాయి, ఆపకపోతే గొడవ పెరుగుతుందంటారు. ఒక్క ఉత్తర్వుతో ఒక మండలం ఓటు మొత్తం ఆపగల వీలును, అధికారంలో ఉన్న ఏ పార్టీ చేతిలోనూ పెట్టకూడదు. బడిగదిలోని మిషన్ బ్యాటరీతో నడుస్తుంది, టవరు ఆగినా అది ఆగదు.

కెరమెరి మండలంలో సరిహద్దు ఊళ్ల దగ్గర కూడా నీ శక్తి ఎంతో తేలుతుంది. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ లాంటి డజనుకు పైగా ఊళ్లను తెలంగాణ తనవంటుంది, మహారాష్ట్ర తనవంటుంది. జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. రెండు రాష్ట్రాల బడులు, రెండు పంచాయతీలు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అటు చంద్రాపూర్‌కు ఏప్రిల్ 19న, ఇటు ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్. ఒక్కసారే ఓటు వేయాలని అధికారులు చెప్పి చూశారు. వాళ్లు ఆశకొద్దీ రెండు వేస్తున్నారనుకోవడం అన్యాయం. దున్నుకుంటున్న భూములకు పట్టాలు లేవు, ఏ రాష్ట్రం ఇస్తుందో తెలియదు. రెండు రాష్ట్రాల్లో ఒకచోట ఓటు మానేస్తే ఆ ప్రభుత్వం తమను పూర్తిగా మరిచిపోతుందేమోనని భయం. దశాబ్దాల నుంచి రెండు ప్రభుత్వాలు తేల్చని గీత అది. జాబితాలో ఏముందో దాన్నే నువ్వు నమ్ముతావు. జాబితా తప్పయితే ఆ తప్పును ఫోన్ దాకా తెచ్చి ఇస్తావు. ఆ ఊళ్లకు కావలసింది పట్టాలు, ఒక సరిహద్దు రాయి. నిన్ను తయారుచేయడానికి కూర్చునేంత తీరిక ఉన్నవాళ్లకు ఆ రాయి పాతడానికి ఎందుకు లేదో అడగాలి.

చివరగా ప్రవాసుల సంగతి. నిన్ను పార్లమెంటులో తలుచుకున్నదే వాళ్ల పేరున. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని ఉత్తర తెలంగాణ తన బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఓటు ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. 2011 నుంచి ప్రవాసులు పేరు నమోదు చేసుకోవచ్చు, ఓటు మాత్రం సొంత ఊరికి వచ్చే వేయాలి. 2024లో దేశం మొత్తం మీద దాదాపు 1.2 లక్షల ప్రవాస ఓటర్లుంటే, వచ్చి ఓటు వేసినవాళ్లు మూడు వేల లోపు, వాళ్లలో అత్యధికులు కేరళవాళ్లు. బాధ నిజం. మరి 2020 చివర్లో ఎన్నికల కమిషన్ ప్రవాసులకు బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపే ఏర్పాటు ప్రతిపాదించినప్పుడు, తొలి విడతకు అమెరికా, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా లాంటి దేశాల పేర్లు వార్తల్లోకి వచ్చాయి. గల్ఫ్ దేశాలు ఆ తొలి విడతలో లేవు. పాస్‌పోర్టు కంపెనీ చేతిలో ఉండి, ఎనిమిది మంది ఒకే గదిలో పడుకునే కూలీ పేరు చెప్పి నిన్ను అడుగుతారు, కాలిఫోర్నియాలో సొంతింట్లో ఉన్నవాడికి ముందు ఇస్తారు. గల్ఫ్ కూలీకి నిజంగా ఓటు ఇవ్వాలనుకుంటే రాయబార కార్యాలయాల్లో బ్యాలెట్ పెట్టెలు పెట్టడానికి ఆ దేశాలతో మాట్లాడాలి, సెలవు రోజున కూలీల క్యాంపుల నుంచి బస్సులు వేయాలి. చాలా దేశాలు తమ పౌరులకు రాయబార కార్యాలయాల్లోనే ఓటు వేయించుకుంటున్నాయి. క్యాంపు గదిలో సూపర్‌వైజర్ చూస్తుండగా నొక్కే ఫోన్ ఓటు వాళ్లకు న్యాయం చేయదు.

ఆన్‌లైన్ ఓటూ, ఫారాలు నింపడానికి నువ్వు ఉండు. జాబితాలో పేరు వెతుక్కోవడానికి, బూతు ఎక్కడుందో తెలుసుకోవడానికి, అభ్యర్థి ఆస్తులు కేసులు చదువుకోవడానికి ఉండు. ఆ పనుల్లో నువ్వు చేసే మేలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అట్టచాటుకు మాత్రం రావద్దు. లోక్‌సభ ఎన్నికకు, శాసనసభ ఎన్నికకు నువ్వు పనికిరావు. ఇదే నా మాట, దీన్ని మార్చుకోవడానికి ఖమ్మంలో గానీ బిహార్‌లో గానీ నాకు కారణం కనిపించలేదు.

ఫోన్ ఓటు కోసం చట్టాన్ని సవరించే బిల్లు ఎప్పుడో ఒకప్పుడు పార్లమెంటుకు వస్తుంది. వచ్చిన రోజున ఆదిలాబాద్, పెద్దపల్లి, కరీంనగర్ ఎంపీలు, ఏ పార్టీవారైనా సరే, లేచి మంత్రిని రెండు ప్రశ్నలు అడగాలి: హుజూరాబాద్‌లో కవరు ఇచ్చినవాడు ఓటరు ఫోన్‌లోకి తొంగిచూడకుండా ఎలా ఆపుతారు? ఆసిఫాబాద్‌లో 171 ఓట్ల తేడా వస్తే ఓడినవాళ్లకు ఏ కాగితం చూపిస్తారు? చదువరీ, మీ ఎంపీకి ఈ రెండు ప్రశ్నలూ ఇప్పుడే ఉత్తరం రాసి పంపండి.